దత్తత పాపకు మొదటి చెకప్ ఎప్పుడు? మొదటి ప్రయాణం ఎప్పుడు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఉండేది పాలకొల్లు. కారాలో (కేంద్ర దత్తత సంస్థలో) పేరు నమోదు చేసుకుని, చాలాకాలం ఎదురుచూసి, పదకొండు రోజుల క్రితం శిశుగృహ నుంచి 14 నెలల పాపను ఇంటికి తెచ్చుకున్నారు. బరువు 7.6 కిలోలు, ఇంకా నడక రాలేదు. చెకప్‌కి ఎప్పుడు వెళ్లాలి, ఏయే పరీక్షలు చేయించాలి అన్నది మొదటిది. వచ్చే వారం అన్నవరంలో వ్రతం, తర్వాత గోదావరి లంకలో మామ్మగారింట్లో రెండు రోజులు, అక్కణ్నుంచి అంతర్వేదిలో పుట్టువెంట్రుకలు అని పెద్దవాళ్లు పట్టుబడుతున్నారు, తీసుకెళ్లొచ్చా అన్నది రెండోది.

ముందు జవాబు చెప్పేస్తాను. చెకప్ ఈ వారంలోనే చేయించండి, కానీ అన్నీ ఒకే రోజు కాదు. అన్నవరం, అంతర్వేది ఇప్పుడు వద్దు. మొదటి ఆరు వారాలు పొద్దున వెళ్లి మధ్యాహ్నం లోపు ఇంటికి వచ్చేసే తిరుగుళ్లు చాలు. పాప ఒంట్లో ఏదో ఉందని నేనిలా అనడం లేదు. మీరు రాసినదాంట్లో భయపడాల్సింది నాకేమీ కనబడలేదు. కాకపోతే మీది తన ఇల్లని ఆ పిల్లకు ఇంకా తెలియదు. చెకప్ అయినా ప్రయాణం అయినా ఆ సంగతి చూసుకునే చేయాలి.

నేను కోనసీమలో ఇరవై ఏళ్లకు పైగా పిల్లల డాక్టర్ని. మొదట్లో నేనూ "దేవుడి దగ్గరికే కదమ్మా, వెళ్లిరండి" అనేదాన్ని. ఒకసారి 20 నెలల పాపను, ఇంటికి వచ్చిన మూడో వారంలోనే, అంతర్వేది కల్యాణానికి తీసుకెళ్లారు. నర్సాపురం రేవులో పంటు ఎక్కి వెళ్లారు. అంత జనంలోనూ పాప కిక్కురుమనలేదట. ఎవరు చేతులు చాస్తే వాళ్ల దగ్గరికి వెళ్లిందట. ఎంత బుద్ధిమంతురాలో అని చుట్టాలంతా మెచ్చుకున్నారు. రాత్రి చుట్టాలింట్లో పడుకోబెట్టాక మొదలైంది ఏడుపు. తలుపు వైపే చూస్తూ తెల్లవారేదాకా గుక్కపట్టి ఏడ్చింది. ఇంటికి వచ్చాక నాలుగు రోజులు అన్నం ముట్టలేదు. ఒంట్లో ఏమైనా తేడా చేసిందేమోనని నా దగ్గరికి తెచ్చారు. చెవులు చూశాను, గొంతు చూశాను, పొట్ట చూశాను, ఏమీ లేదు. అప్పుడు ఆ తల్లి అంది: "డాక్టరు గారూ, ఇది పుట్టాక కారెక్కింది రెండే సార్లండి. మొదటిసారి ఎక్కితే శిశుగృహ పోయింది. ఈసారి మేం పోతాం అనుకుందేమో."

ఆ మాట విన్నప్పటి నుంచి నేను ఏ దత్తత కుటుంబానికీ తొందరపడి ప్రయాణం చెప్పలేదు. కారెక్కితే ఇల్లు మారుతుందన్నది ఆ పిల్లకు తెలిసిన ఒకే ఒక్క పాఠం. వెళ్తాం, మళ్లీ మన ఇంటికే వస్తాం అన్నది కొత్త పాఠం. అది పదిసార్లు జరిగితే గానీ ఒంటబట్టదు.

చెకప్‌కి వెళ్లే ముందు

ఆస్పత్రికి ఫోన్ చేసి పాప దత్తత వచ్చిందని, పదకొండు రోజులే అయిందని డాక్టరుకు ముందే తెలిసేలా చెప్పండి. పొద్దున్నే మొదటి నంబరు అడగండి. ఎందుకంటే, చాలా ఏళ్ల క్రితం నా దగ్గర ఒక పొరపాటు జరిగింది. చీటీ రాస్తూ, గది నిండా జనం ఉండగా, "నార్మల్ డెలివరీయా, సిజేరియనా?" అని ఒక తల్లిని అలవాటుగా అడిగేశాను. ఆవిడ మొహం చూశాక గానీ నాకు తట్టలేదు. ఆ రోజు నుంచి కొత్త పిల్లల ఫైల్లో పుట్టుక వివరాలు లోపలి గదిలోనే రాస్తాను, తెలియని చోట "తెలియదు" అని రాస్తాను. మిమ్మల్ని కూడా తల్లికి షుగర్ ఉందా, మేనరికమా అని అడుగుతారు. తెలియదు అని చెప్పడానికి ఏమాత్రం సంకోచించకండి. వైద్యానికి అదీ ఒక సమాచారమే. తెలియదంటే ఏ పరీక్ష వదలకూడదో మాకు అర్థమవుతుంది.

శిశుగృహ వాళ్లిచ్చిన వైద్య పరీక్ష నివేదిక, పిల్ల వివరాల నివేదిక, టీకా కార్డు, మూడూ తీసుకెళ్లండి. వీటి కాపీలు చుట్టాల చేతికి, వాట్సాప్‌కి వెళ్లనివ్వకండి. ఆ వివరాలు రేపు పెద్దయ్యాక పాప తెలుసుకోవాల్సినవి, ఈలోపు ఊరికి తెలియాల్సిన పని లేదు.

ఇంకో పని. శిశుగృహలో పాపను చూసుకున్న ఆయాకు ఫోన్ చేయండి. ఏ పాలపొడి, ఎన్ని గంటలకు, సీసాతోనా గ్లాసుతోనా, వెల్లకిలా పడుకునేదా బోర్లానా, నిద్రపుచ్చడానికి ఏం చేసేవారు, అన్నీ అడగండి. అక్కడ కప్పిన దుప్పటో వేసిన గౌనో ఇస్తే తెచ్చుకుని, ఉతక్కుండా కొన్నాళ్లు పాప పక్కన ఉంచండి. ఒక బాబు మూడు రాత్రులు నిద్రపోలేదు. పాత దుప్పటి తెచ్చి కప్పిన రాత్రి దాని అంచు వేలికి చుట్టుకుని పడుకున్నాడు.

మొదటి రోజు సూది వద్దు

మొదటిసారి చూడటం, కొలవడం మాత్రమే. పాప మీ ఒళ్లోనే ఉండాలి. బల్ల మీద పడుకోబెట్టమన్నా, నర్సు ఎత్తుకుంటానన్నా, "నా ఒళ్లోనే చూడండి" అని మర్యాదగా అడగండి. ఏ డాక్టరూ కాదనరు. తెల్లకోటు వేసుకున్న కొత్తవాళ్ల చేతికి ఇవ్వడమంటే పాప దృష్టిలో మళ్లీ అప్పగింతే.

బరువు, పొడుగు, తల చుట్టుకొలత, జబ్బ చుట్టుకొలత రాయించుకోండి. 14 నెలల ఆడపిల్ల సగటు బరువు సుమారు 9.4 కిలోలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టు ప్రకారం 7.4 కంటే తగ్గితే తక్కువ బరువు కింద లెక్క. మీ పాప 7.6, అంటే గీతకు కాస్త పైనే. జబ్బ కొలత 12.5 సెంటీమీటర్లు దాటితే ఇంకా నిశ్చింత, 11.5 కంటే తక్కువైతే మాత్రం వెంటనే వైద్యం మొదలుపెట్టాలి. నాకు ఈరోజు అంకె కంటే మూడు నెలల తర్వాతి అంకె ముఖ్యం. ఇంటి తిండి, ఒక మనిషి ఒడి దొరికాక ఈ పిల్లలు చార్టులో గీత దాటి గీత ఎక్కడం నేను ఎన్నోసార్లు చూశాను.

పుట్టిన తేదీ అంచనాగా వేసింది కూడా అయ్యుండొచ్చు. వదిలేసిన పిల్లల విషయంలో అది మామూలే. పళ్లు, తల కొలత, చేసే పనులు చూసి డాక్టరు ఒక అంచనాకు వస్తారు. నెలా రెండు నెలలు అటూ ఇటూ అయితే టెన్షన్ పడొద్దు.

నడక గురించి: 14 నెలలకు నడవకపోవడం ఆలస్యం కాదు. చక్కగా ఎదుగుతున్న పిల్లల్లోనూ కొందరికి పదిహేడు నెలలు దాటాక గానీ నడక రాదు. పట్టుకుని నిలబడుతోందా, పాకుతోందా చూడండి. 18 నెలలు నిండినా నడవకపోతే అప్పుడు ఆలోచిద్దాం. శిశుగృహలో ఎక్కువసేపు ఉయ్యాల్లోనో మంచం మీదో ఉన్న పిల్లలకు తల వెనక భాగం కాస్త చదునుగా ఉంటుంది, కాళ్లలో బలం రావడానికి నేల మీద తిరిగే చోటు కావాలి. నడక బండి కొనొద్దు. చాప పరిచి వదలండి.

నడుం కింద, పిరుదుల మీద నీలం మచ్చలుంటే కంగారుపడి ఎవరినో అనుమానించకండి. మన పిల్లల్లో పుట్టుకతో వచ్చే మచ్చలవి, కొన్నేళ్లకు వాటంతటవే తగ్గుతాయి. అవి దెబ్బలేమోనని వణికిపోతూ వచ్చిన నాన్నలున్నారు. డాక్టరుకు చూపించి, ఫైల్లో రాయించేయండి.

రెండోసారి, వారం పది రోజుల తర్వాత, రక్తపరీక్షలు

శిశుగృహలో చేసిన రిపోర్టు మీద నమ్మకం లేక కాదు. పిల్ల చేరిన కొత్తలో చేసినవి అయ్యుంటాయి, కొన్ని జబ్బులు అప్పటికి రక్తంలో బయటపడవు. నేను చేయించేవి ఇవి: రక్తం శాతం (హిమోగ్లోబిన్, రక్తహీనత ఉందేమో తెలియడానికి), థైరాయిడ్, హెపటైటిస్ బి, హెచ్‌ఐవీ, తల్లి నుంచి వచ్చే సిఫిలిస్, క్షయ కోసం చర్మ పరీక్ష, మల పరీక్ష. మూలాలు తెలియని పిల్లకు సికిల్ సెల్, తలసీమియా ఒకసారి చూడటం మంచిది. మన మైదానం శిశుగృహలకు ఏజెన్సీ (గిరిజన) ప్రాంతం నుంచి కూడా పిల్లలు వస్తారు, అక్కడ సికిల్ సెల్ ఎక్కువ. హెపటైటిస్, హెచ్‌ఐవీ మాత్రం ఆరు నెలల తర్వాత మరోసారి చేయిస్తాను.

హెచ్‌ఐవీ మాట వినగానే చాలామంది బెదిరిపోతారు. ఒక్క విషయం గుర్తుంచుకోండి. 18 నెలల లోపు మామూలు యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ వచ్చినా పిల్లకు జబ్బు ఉన్నట్టు కాదు. అది తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీ అయ్యుండొచ్చు. తేల్చేది వైరస్‌నే నేరుగా వెతికే పీసీఆర్ పరీక్ష. కాగితం చూసి ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పకుండా ముందు డాక్టరుతో మాట్లాడండి.

వినికిడి పరీక్ష తప్పనిసరి, పిలిస్తే పలుకుతున్నా సరే. ఒక చెవి వినకపోయినా పిల్లలు పలుకుతారు. కంటి పరీక్ష కూడా. జిల్లా స్థాయి ప్రభుత్వాస్పత్రుల్లో డీఈఐసీ (పిల్లల లోపాలను తొలిదశలోనే గుర్తించే) కేంద్రాలున్న చోట ఇవి ఉచితం.

టీకాల కార్డు ఉంటే దాన్ని నమ్మి, మిగిలినవి వేయిస్తాం. కార్డు లేకపోయినా, సగమే నింపి ఉన్నా, వేయలేదనుకుని వయసుకు తగ్గట్టు మళ్లీ మొదలుపెడతాం. ఒకటి రెండు డోసులు ఎక్కువ పడినా సాధారణంగా నష్టం లేదు. ఎడమ జబ్బ మీద బీసీజీ (క్షయ టీకా) మచ్చ లేదని కూడా కంగారు వద్దు, వేసినా కొందరికి మచ్చ పడదు. ఒక్కటి మాత్రం చూసుకోండి: తొమ్మిదో నెల తర్వాత వేసే తట్టు-రుబెల్లా టీకా పడిందా లేదా. పడకపోతే ఏ గుడికీ, ఏ పెళ్లికీ వెళ్లక ముందే వేయించాలి. రెండో డోసు 16 నెలలు నిండాక.

నులిపురుగుల మందు ఈ వయసుకు ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్రలో సగమే, పొడి చేసి.

తిండి

పాలపొడి ఒక్కసారిగా మార్చకండి. అక్కడ తాగిందే రెండు వారాలు కొనసాగించి, తర్వాత గేదెపాలో ఆవుపాలో కొద్దికొద్దిగా కలపండి. రోజుకు అర లీటరు దాటనివ్వొద్దు. పాలతోనే కడుపు నిండితే అన్నం తినదు, రక్తం పట్టదు. నమలడం రాకపోతే మెత్తటి పప్పన్నంతో మొదలుపెట్టి, వారం వారం కాస్త పలుకు పెంచండి. కడుపు నిండినా ఇంకా కావాలని ఏడుస్తుంటే తిట్టకండి, పళ్లెం లాగేయకండి. గుంపులో పెరిగిన పిల్లకు తర్వాత దొరుకుతుందన్న నమ్మకం ఇంకా లేదు. ఒక పాప పిడికిట్లో అన్నం ముద్ద పట్టుకునే నిద్రపోయేది. వాళ్లమ్మ చెయ్యి విప్పకుండా ఊరుకుంది. రెండు నెలలకు దానంతటదే మానేసింది.

మామ్మగారు ఆముదం పట్టిస్తాననవచ్చు, పసరు అనవచ్చు. వాటికి మాత్రం గట్టిగా వద్దనండి. నూనె రాసి కాళ్లు చేతులు మర్దనా చేస్తానంటే, పాప భయపడకపోతే, మీరు పక్కన కూర్చుని సరేననండి.

అందరి దగ్గరికీ వెళ్లిపోతుంది

పాప ఎవరు పిలిచినా వెళ్లిపోతుందని మీరు సంతోషంగా రాశారు. నేను దీని దగ్గర కాస్త ఆగుతాను. 14 నెలల పిల్ల కొత్తవాళ్లను చూసి అమ్మ కొంగు పట్టుకోవాలి. అందరూ ఒకటే అయితే ఎవరూ తనవాళ్లు కానట్టే. ఇది జబ్బు కాదు, తప్పు కాదు, కొన్నాళ్లకు సర్దుకుంటుంది. అందుకు మొదటి రెండు నెలలు తినిపించడం, స్నానం, నిద్రపుచ్చడం, దెబ్బ తగిలితే ఎత్తుకోవడం మీరిద్దరే చేయండి. చుట్టాలు వస్తే ఆడించొచ్చు, బొమ్మ ఇవ్వొచ్చు. ఏడిస్తే పాప మీ చేతుల్లోకే రావాలి. పడినా ఏడవని పిల్ల ఒకరోజు పడి, వెతుక్కుంటూ మీ వైపు చూసి ఏడుస్తుంది. ఆ రోజు తారీఖు రాసి పెట్టుకోండి, నాకూ చెప్పండి. నాకు బరువు పెరగడం కంటే అదే పెద్ద కబురు.

ఇక ప్రయాణం

మొదటి వారం వీధి చివరిదాకా. తర్వాత బజారు, కాలవ గట్టు. రోజూ ఒకే దారి, తిరిగొచ్చాక రోజూ ఒకే పని: గేటు గడియ పాప చేతే వేయించండి, లేదా గుమ్మం దగ్గర గ్లాసుడు నీళ్లు తాగించండి. మీ ఊళ్లోనే క్షీరారామం ఉంది. రద్దీ లేని రోజు పొద్దున్నే వెళ్లి, పావుగంట కూర్చుని వచ్చేయండి. దేవుడి దగ్గరికి పాపను తీసుకెళ్లామన్న తృప్తి పెద్దవాళ్లకూ దక్కుతుంది.

నెల దాటాక చించినాడ వంతెన దాటి దిండి దాకా వెళ్లండి. గోదావరి చూపించి, కొబ్బరి చెట్ల నీడలో కాసేపు దించి, ఎండెక్కక ముందే ఇంటికి వచ్చేయండి. కారులో రెండేళ్ల లోపు పిల్లలకు వెనక్కి తిరిగి ఉండే సీటు, అదీ వెనక వరసలో. ముందు సీట్లో ఒళ్లో పెట్టుకోవడం వద్దే వద్దు. మోటార్ సైకిల్ మీద మీ ఇద్దరి మధ్య ఇరికించి తీసుకెళ్లడం కూడా.

మామ్మగారింటికి మీరు వెళ్లడం కంటే ముందు మామ్మగారే మీ ఇంటికి వచ్చి రెండు రోజులు ఉంటే ఎంతో మేలు. ఆవిడ మొహం, గొంతు పాపకు తెలిశాక లంకలో కొత్త ఇల్లు అంత కొత్తగా ఉండదు. అక్కడ రాత్రి ఉండే రోజున పాప దుప్పటి, గ్లాసు, చెంచా మీతోనే రావాలి, పడక మీ ఇద్దరి మధ్యనే.

ఈ వేసంకాలంలో ఇంకో మాట. కాలవలకు నీళ్లు ఆపేసిన రోజుల్లో లంక ఊళ్లలో మంచినీళ్లు చెరువుల్లో నిల్వ చేసినవే. ఆ నెలల్లో విరేచనాలతో వచ్చే పిల్లలు నా దగ్గర ఎక్కువవుతారు. కాచి చల్లార్చిన నీళ్లు ఇంటి నుంచే తీసుకెళ్లండి. సంచిలో ఓఆర్ఎస్ పొట్లాలు, డాక్టరు రాసిన జింక్, జ్వరం మందు ఉండాలి. జ్వరం మందు సీసాలు రెండు రకాలు. చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములు ఉంటుంది, సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 120 లేదా 250. ఒకదాని కొలత ఇంకోదానికి వాడి ప్రమాదం తెచ్చుకున్నవాళ్లను చూశాను. పాప బరువుకు ఎంతో, ఏ సీసాతోనో డాక్టరు చేత సీసా మీదే రాయించుకోండి.

లంకలో పెరటి వెనక చెరువు, పక్కన రొయ్యల గుంట, దొడ్లో నీళ్ల గోళెం ఉంటాయి. పాకే పిల్లకు బకెట్టెడు నీళ్లూ ప్రమాదమే. ఎవరో ఒకరు చూస్తుంటార్లే అనుకోవద్దు. ఈ గంట ఎవరి వంతో పేరు పెట్టి చెప్పుకోండి. జీడిపప్పు, బఠాణీలు పెట్టనివ్వకండి. తాటిముంజ ఇస్తే బాగా చిదిమి ఇవ్వండి, జారి గొంతుకు అడ్డం పడుతుంది.

దత్తత ఉత్తర్వు కలెక్టరు గారి దగ్గర్నుంచి ఇంకా రాలేదన్నారు. కాబట్టి రాత్రి బయట ఉండే ఏ ప్రయాణానికైనా శిశుగృహకు ఒక మాట చెప్పి, పాపను మీకు అప్పగించిన కాగితాల జిరాక్స్ వెంట పెట్టుకోండి. ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టకండి. రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి వాళ్లు వచ్చి పాపను చూసి నివేదిక రాస్తారు, మీ చెకప్ ఫైలు అప్పుడూ పనికొస్తుంది.

ప్రయాణంలో గానీ ఇంట్లో గానీ ఇవి కనిపిస్తే తెల్లవారేదాకా ఆగొద్దు: పాలు అసలు తాగకపోవడం, లేపినా మత్తుగా ఉండటం, ఆరు గంటలు మూత్రం రాకపోవడం, నిద్రలో కూడా నిమిషానికి 40 సార్లు దాటి ఊపిరి తీయడం, ఫిట్స్.

అన్నవరం, పుట్టువెంట్రుకల సంగతి పెద్దవాళ్లకు ఇలా చెప్పండి: మొక్కు ఉంది, తీరుస్తాం, మార్గశిరంలో. కార్తీకంలో ఆ కొండ మీద కాలు పెట్టే సందు ఉండదు, శ్రావణం వైపు గోదావరి వరద. మార్గశిరం నాటికి పాప మీ దగ్గరికి వచ్చి ఏడు నెలలవుతుంది, రెండోసారి చేయించాల్సిన రక్తపరీక్షలూ అయిపోతాయి, చలి కూడా పాపకు ఓర్చుకోలేనంత ఉండదు. అన్నవరం మూడు గంటల దారి, మధ్యలో రెండుసార్లు ఆగండి. గుండు చేసేటప్పుడు కొత్త బ్లేడు మీ కళ్ల ముందే విప్పించండి. పాప కూర్చోవాల్సింది మేనమామ ఒళ్లో అని ఆచారం ఉంటే, మేనమామ గారిని ఈ ఏడు నెలల్లో వీలైనన్నిసార్లు మీ ఇంటికి భోజనానికి పిలుస్తూ ఉండండి.